మోకాళ్ల నొప్పుల పొడి మానేసిన తొమ్మిదో రోజు: లేబుల్‌లో లేని స్టెరాయిడ్‌పై ఒక కేస్ స్టడీ

బజారులో దొరికే కొన్ని మూలికల పొడుల్లో స్టెరాయిడ్ కలుపుతున్నారని డాక్టర్లకు తెలుసు, జనానికీ చాలావరకు తెలుసు. కానీ అలాంటి పొడిని నెలల తరబడి తిన్న మనిషి దాన్ని ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుందని గట్టిగా చెప్పేవాళ్లు తక్కువ. "ఆ పొడి ఇవాళే పారేయండి" అని మంచి మనసుతో చెప్పిన మాటే ఈ పేషెంట్‌ను ఎమర్జెన్సీ దాకా తెచ్చింది. అందుకే ఈ కేసును వివరంగా రాస్తున్నాను. ఆమె, ఆమె కొడుకు అనుమతి ఇచ్చారు. గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఎమర్జెన్సీకి వచ్చినప్పుడు

ఖమ్మం జిల్లాలో మిర్చి ఏరడానికి వెళ్లే 54 ఏళ్ల మహిళ. ఐదారు రోజులుగా వాంతులు, లేవలేనంత నీరసం. రెండు రోజులుగా జ్వరం, మూత్రంలో మంట. తీసుకొచ్చేసరికి బీపీ 80/50, నాడి 118, వేలి నుంచి తీసిన షుగర్ 54. ఏడాదిగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. తిండి లేకుండా మాత్ర వేసుకోవడం వల్ల షుగర్ పడిపోయిందని, మూత్రంలో ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి బీపీ పడిపోయిందని డ్యూటీ డాక్టర్ అనుకున్నారు. రెండూ సబబైన ఆలోచనలే. గ్లూకోజ్ ఇచ్చారు, యాంటీబయాటిక్ మొదలుపెట్టారు, సెలైన్ ఎక్కించారు. రెండు లీటర్లు వెళ్లాక కూడా పై బీపీ 86 దాటలేదు. షుగర్ పెరిగినట్టే పెరిగి మళ్లీ 60కి వచ్చింది. సోడియం 122 (బాగా తక్కువ), పొటాషియం 4.0 (మామూలే), కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.5 (కాస్త ఎక్కువ).

నాకు తేడాగా కనిపించింది ఆమె ముఖం. ఇన్ని రోజులు తిండి దిగని మనిషికి బుగ్గలు లోపలికి పోవాలి. ఈమె ముఖం గుండ్రంగా, ఉబ్బి ఉంది. మెడ వెనక కొవ్వు పేరుకుంది. పొట్ట పెద్దది, కాళ్లూ చేతులూ సన్నం. ముంజేతుల మీద చర్మం పల్చబడి, చిన్న దెబ్బకే కమిలిన మచ్చలు. కింద కూర్చుంటే ఎవరో ఒకరు పట్టుకుంటే తప్ప లేవలేకపోతోందని, ఆరు నెలల నుంచీ ఇంతేనని కొడుకు చెప్పాడు. దాన్ని ఇంట్లో అందరూ మోకాళ్ల నొప్పి ఖాతాలో వేశారు. తొడ కండరాలు పరీక్షిస్తే బలహీనత స్పష్టంగా తెలిసింది.

అంటే ఒంటిని చూస్తే స్టెరాయిడ్ ఎక్కువైన మనిషి. బీపీ, షుగర్, సోడియం చూస్తే స్టెరాయిడ్ అందని మనిషి. ఈ రెండూ ఒకేసారి కనిపించాయంటే మొదట అనుమానించాల్సింది ఒకటే: బయటి నుంచి చాలాకాలం స్టెరాయిడ్ అంది, ఈమధ్యే ఆగిపోయింది.

మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే స్టెరాయిడ్ హార్మోన్‌ను తయారు చేస్తాయి. ఎంత చేయాలో మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోన్ ద్వారా చెబుతుంది. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే పిట్యూటరీ ఆ ఆదేశం ఆపేస్తుంది, అడ్రినల్స్ కుంచించుకుపోతాయి. బయటి సరఫరా ఆగిన రోజున, ఏళ్లుగా నడపని పంపుసెట్టు స్విచ్ వేయగానే నీళ్లు తోడనట్టే, అవి వెంటనే పని అందుకోలేవు. మామూలు రోజుల్లో ఎలాగో నెట్టుకొస్తారు. జ్వరమో, విరేచనాలో, ఆపరేషనో తోడైతే బీపీ కుప్పకూలుతుంది.

కార్టిసాల్, ఏసీటీహెచ్ కోసం రక్తం తీసి, ఆ వెంటనే కార్టిసాల్‌కు మందు రూపమైన హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. నరానికి ఇచ్చాం. రిపోర్టు కోసం ఆగలేదు. ఇలాంటి స్థితిలో ఎవరూ ఆగకూడదు. ఆ తర్వాత 24 గంటల్లో మరో 200 మి.గ్రా. విడతలుగా వెళ్లింది. నాలుగు గంటలకు బీపీ 104/66, గ్లూకోజ్ లేకుండానే షుగర్ 110.

ఇక్కడ జూనియర్ డాక్టర్లకు ఒక జాగ్రత్త. హైడ్రోకార్టిసోన్ పడగానే శరీరం పట్టి ఉంచిన నీటిని మూత్రంలో వదిలేస్తుంది, సోడియం మనం అనుకున్నదానికంటే వేగంగా పెరుగుతుంది. మరీ వేగంగా పెరిగితే మెదడు దెబ్బతింటుంది. ఆరు గంటలకోసారి సోడియం చూస్తూ, రోజుకు 8 మించకుండా కాచుకున్నాం.

మర్నాడు రిపోర్టులు వచ్చాయి. కార్టిసాల్ డెసిలీటర్‌కు 0.9 మైక్రోగ్రాములు. అంత జబ్బుతో ఉన్న మనిషికి 18 పైన ఉండాల్సింది. ఏసీటీహెచ్ 5 లోపు, అంటే పిట్యూటరీ నుంచి ఆదేశమే రావడం లేదు.

మిగతా కారణాలు పక్కన పెట్టిన తీరు

మన దగ్గర అడ్రినల్ దెబ్బతినడానికి టీబీ ఒక పెద్ద కారణం. అయితే అందులో ఏసీటీహెచ్ బాగా పెరుగుతుంది, చర్మం, చిగుళ్లు నల్లబడతాయి, పొటాషియం పెరుగుతుంది. ఈమెలో ఇవేవీ లేవు. పిట్యూటరీ పాడవడానికి పల్లెల్లో రెండు కారణాలు అడిగి తీరాలి: కాన్పులో విపరీతమైన రక్తస్రావం, పొలంలో రక్తపింజర కాటు. రెండూ లేవన్నారు. నెలసరి ఆగిపోయిన స్త్రీలో పిట్యూటరీ చేసే మరో హార్మోన్ ఎఫ్‌ఎస్‌హెచ్ ఎక్కువగా ఉంటే పిట్యూటరీ పని చేస్తోందనడానికి అది తక్కువ ఖర్చులో దొరికే ఆధారం. ఈమెకు 48 ఉంది. థైరాయిడ్ పరీక్షలు మామూలుగానే ఉన్నాయి. ఎంఆర్‌ఐ అవసరం పడలేదు.

ఆ పొడి సంగతి ఎలా బయటపడింది

మొదటిరోజు "ఆయుర్వేదం గానీ, నాటు మందులు గానీ ఏమైనా వాడారా?" అని అడిగితే తల్లీకొడుకులు ఇద్దరూ లేదన్నారు. వాళ్లు అబద్ధమాడలేదు. రెండోరోజు ఆమె కాస్త తేరుకున్నాక ప్రశ్న మార్చాను. "మోకాళ్ల నొప్పికి ఏం చేశారమ్మా? కోతలకు ఎట్లా పోగలిగారు?" అన్నాను. అప్పుడు చెప్పారు.

"పొడి తిన్న సారూ. అది మందు కాదు, ఆకులతో చేసిన బలం పొడి. తిన్న మూడోనాటికే లేచి నడిచిన. అంతకుముందు గోడ పట్టుకొని నడిచేదాన్ని."

14 నెలలు. మొదటి డబ్బా సంతలో కొన్నారు, ఆ తర్వాత ఫోన్ చేస్తే కొరియర్‌లో వచ్చేది. నెలకు 600 రూపాయలు. పొద్దున, రాత్రి ఒక్కో చెంచా పొడి, దాంతో ఒక్కో క్యాప్సూల్. మొదలుపెట్టిన మూడు నెలలకు షుగర్ బయటపడింది. ఆ తర్వాత బీపీ. ఈ రెండింటికీ మాత్రలు ఇస్తూ వచ్చిన వాళ్లెవరికీ పొడి సంగతి తెలియదు. చివరికి ఒక క్లినిక్‌లో క్రియాటినిన్ పెరగడం చూసి, చేతిసంచిలోంచి ఆ డబ్బా బయటపడితే, కిడ్నీలు పోతాయి, వెంటనే ఆపమని చెప్పారు. ఆ సాయంత్రమే ఆపేశారు. రెండో రోజుకు కీళ్లన్నీ పట్టేశాయి. నాలుగో రోజు నుంచి అన్నం చూస్తే వికారం. ఏడో రోజు జ్వరం. తొమ్మిదో రోజు మా దగ్గరికి.

మూడోనాటికే లేచి నడిచానన్న మాట దగ్గర నేను ఆగాను. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక యువతికి మొదటిసారి కార్టిసోన్ ఇచ్చినప్పుడు ఆమె కూడా కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో ఆ పరిశోధనకు నోబెల్ బహుమతి వచ్చింది. దాని దుష్ఫలితాలు కూడా ఆ మొదటి ఏళ్లలోనే తెలిసిపోయాయి. ఏళ్లనాటి మోకాలి అరుగుదల నొప్పిని ఏ ఆకూ, ఏ వేరూ మూడు రోజుల్లో మాయం చేయవు. అంత వేగంగా పనిచేసిందని పేషెంట్ చెబితే స్టెరాయిడ్‌ను, నొప్పి మాత్రలను అనుమానించండి.

డబ్బా మీద ఏముంది

కొడుకును ఇంటికి పంపి డబ్బా, మిగిలిన క్యాప్సూళ్లు, కొరియర్ కవరు కూడా తెప్పించాను. కవరు చాలా ముఖ్యం, పంపినవాళ్ల చిరునామా ఒక్కోసారి దాని మీదే ఉంటుంది.

ఆకుపచ్చ డబ్బా. "100% హెర్బల్, సైడ్ ఎఫెక్ట్స్ లేవు" అని తెలుగులో పెద్ద అక్షరాలు. కీళ్లవాతం, నడుంనొప్పి, సయాటికా పూర్తిగా తగ్గుతాయని, అరిగిన గుజ్జు తిరిగి పెరుగుతుందని హామీ. పదార్థాలు: అశ్వగంధ, శల్లకి, గుగ్గులు, నల్లేరు, శొంఠి. ఏది ఎంతో లేదు. బ్యాచ్ నంబర్ లేదు. తయారీదారు చిరునామాలో ఊరి పేరు తప్ప ఇంకేం లేదు. ఆయుర్వేద తయారీ లైసెన్స్ నంబర్ లేదు. ఒక మూల ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, 14 అంకెల సంఖ్య మాత్రం ఉన్నాయి.

ఆ గుర్తును చూసే ఆ ఇంట్లో అందరూ నమ్మారు. "గవర్నమెంట్ ముద్ర ఉంది కదా సార్" అన్నాడు కొడుకు. డిగ్రీ చదివినవాడు. అతన్ని తప్పుపట్టలేను, ఎందుకంటే మన చట్టంలో ఇలాంటి సరుకుకు రెండు దారులు ఉన్నాయని ఎవరూ జనానికి చెప్పలేదు.

మొదటిది ఔషధాల దారి. ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందులు 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కిందికి 1964 సవరణతో వచ్చాయి. తయారీకి లైసెన్స్ కావాలి, షెడ్యూల్ టి ప్రకారం శుభ్రత, నాణ్యత పాటించాలి. 161వ నిబంధన ప్రకారం లేబుల్ మీద పదార్థాలు, వాటి పరిమాణం, లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, తయారీదారు పేరు, చిరునామా ఉండాలి. షెడ్యూల్ ఇ(1)లోని విషపదార్థాలు ఉన్న మందుపై వైద్య పర్యవేక్షణలోనే వాడాలనే హెచ్చరిక ఉండాలి.

రెండోది ఆహారం దారి. 2006 నాటి ఆహార భద్రత చట్టం, దాని కింద 2016లో వచ్చిన హెల్త్ సప్లిమెంట్లు, న్యూట్రాస్యూటికల్స్ నిబంధనలు. ఈ దారిలో వచ్చే సప్లిమెంట్ డబ్బా మీద అది ఔషధంగా వాడటానికి కాదని స్పష్టంగా రాయాలి. జబ్బు నయం చేస్తానని చెప్పకూడదు. హార్మోన్లు, స్టెరాయిడ్లు కలపకూడదని ఆ నిబంధనల్లోనే ఉంది.

మన డబ్బా ఆహారం ముద్ర వేసుకుని మందు మాటలు చెప్పింది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు పక్కనే "కీళ్లవాతం తగ్గుతుంది" అని ఉందంటే, లోపల ఏముందో పరీక్షించకముందే ఆ లేబుల్ తప్పు. పేషెంట్లకు నేను ఇప్పుడు నేర్పుతున్న మొదటి విషయం ఇదే, ఎందుకంటే దీనికి ల్యాబ్ అక్కర్లేదు, చదవడం వస్తే చాలు. ఇంకొక్క అడుగు వేయగలిగినవాళ్లు ఆ 14 అంకెలను ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫోస్కోస్ పోర్టల్‌లో కొట్టి చూడవచ్చు. మేం చూస్తే అది పిండి, కారం పొట్లాలు కట్టి అమ్మే ఒక చిన్న షాపు పేరు మీద ఉంది. 2తో మొదలయ్యే సంఖ్య, అంటే చిన్న వ్యాపారులు చేయించుకునే రిజిస్ట్రేషన్.

వాతరోగాలు తగ్గిస్తామనే ప్రకటనలను 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కూడా నిషేధిస్తోంది. మధుమేహం, పక్షవాతం, క్యాన్సర్ కూడా ఆ చట్టం పట్టికలో ఉన్నాయి. డెబ్బై ఏళ్లు దాటిన చట్టం ఇది. ఈ డబ్బా ప్రచారమంతా వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో జరిగింది.

లోపల ఏముంది

గుర్తింపు ఉన్న ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పరీక్ష చేయించాం. క్యాప్సూల్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, పొడిలో డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు తేలాయి. ఒక క్యాప్సూల్‌లో డెక్సామెథసోన్ సుమారు 1 మి.గ్రా., అదే డబ్బాలోని ఇంకో దాంట్లో 0.6. చేత్తో కలిపి నింపే సరుకులో ఇలాగే ఉంటుంది. రోజుకు 2 మి.గ్రా. లెక్కన వేసుకుంటే అది ప్రెడ్నిసొలోన్ అనే ఇంకో స్టెరాయిడ్ 13 మి.గ్రా.తో సమానం. ఒంటికి సహజంగా కావాల్సిన దానికి రెండు రెట్లకు పైనే, 14 నెలల పాటు. క్రియాటినిన్ పెరగడానికి డైక్లోఫెనాక్ ఒక కారణం అయి ఉండాలి.

ల్యాబ్ విషయంలో ఇంకో మాట. డెక్సామెథసోన్ కార్టిసాల్ పరీక్షలో కార్టిసాల్‌గా కనబడదు, కాబట్టి ఈమె 0.9ని నమ్మవచ్చు. అదే ప్రెడ్నిసొలోన్ కలిపి ఉంటే చాలా కిట్లలో కార్టిసాల్ ఉన్నదానికంటే ఎక్కువగా చూపించి మనల్ని తప్పుదారి పట్టించేది.

డెక్సామెథసోన్ మీద నాకు ద్వేషం లేదు. 2020లో కోవిడ్‌తో ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ల ప్రాణాలు కాపాడింది రోజుకు 6 మి.గ్రా. డెక్సామెథసోనే. కాకపోతే అది డాక్టర్ చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన మందు. మాత్ర ధర రూపాయి కూడా ఉండదు. అంత చవక కాబట్టే ఆకుల పొడిలోకి దిగింది. ఆ నేరం ఆయుర్వేదానిది కాదు. మా ఊళ్లో నాకు తెలిసిన ఆయుర్వేద వైద్యులు ఈ కల్తీ మీద నాకంటే ఎక్కువ మండిపడతారు, చెడ్డపేరు వాళ్లకు వస్తోంది కాబట్టి.

ఫిర్యాదు, ఆ తర్వాత

మా రిపోర్టు వైద్యానికి పనికొచ్చింది గానీ కేసు పెట్టడానికి సరిపోదు. చట్టం ప్రకారం ఇన్‌స్పెక్టర్ స్వయంగా శాంపిల్ తీసి, ప్రభుత్వ విశ్లేషకుడు పరీక్షించాలి. డబ్బా ఫొటోలు, రిపోర్టు, కొరియర్ కవరు కలిపి ఔషధ నియంత్రణ విభాగానికి, ఆహార భద్రత అధికారికి రెండిటికీ ఇచ్చాం. ఒక్కరికే ఇస్తే "ఇది మాది కాదు" అనే అవకాశం ఉంది. దుష్ఫలితాన్ని, మందుల దుష్ఫలితాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికీ రాశాం. దీనికి డాక్టరే కానక్కర్లేదు, 1800-180-3024 టోల్ ఫ్రీ నంబర్‌కు పేషెంట్లు కూడా ఫోన్ చేయవచ్చు. అధికారులు వెళ్లేసరికి కవరు మీది చిరునామాలో గది ఖాళీగా ఉంది. ఫోన్ నంబర్ మారింది. వేరే పేరుతో అదే రంగు డబ్బా తర్వాత నా దగ్గరికి వచ్చింది.

నా బాధ అంతా ఆ తర్వాత జరిగే దాని గురించి. ఇలాంటి సరుకు పట్టుబడినప్పుడు ఎంత సరుకు, ఎన్ని లక్షల విలువ, ఎవరిని పట్టుకున్నారు అన్నది వార్తగా వస్తుంది. నేను చదివిన అలాంటి వార్తల్లో, అప్పటికే దాన్ని తింటున్నవాళ్లు ఏం చేయాలో ఒక్క వాక్యం కనిపించలేదు. భయపడి మానేస్తారు. సరుకు ఆగిపోవడం వల్ల కూడా మానేయాల్సి వస్తుంది.

అమెరికాలో 2022లో "ఆర్ట్రి కింగ్" అనే కీళ్ల నొప్పుల సప్లిమెంట్‌లో లేబుల్ మీద లేని డెక్సామెథసోన్, డైక్లోఫెనాక్ ఉన్నాయని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. సరిగ్గా మా డబ్బాలో దొరికిన జంటే. అక్కడ సప్లిమెంట్లకు 1994 చట్టం ప్రకారం అమ్మకానికి ముందు అనుమతి అక్కర్లేదు, ఆ లోపం గురించి అక్కడి డాక్టర్లే మొత్తుకుంటారు. కానీ ఆ హెచ్చరికలో వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా మానడం ప్రమాదమని, డాక్టర్‌తో మాట్లాడి జాగ్రత్తగా ఆపాలని రాశారు. డాక్టర్లు అడ్రినల్ సమస్య కోసం చూడాలని కూడా రాశారు. మన అధికారులు కూడా సీజ్ చేసిన రోజునే ఆ రెండు వాక్యాలు తెలుగులో ఇవ్వాలి. దీనికి కొత్త చట్టం అవసరం లేదు.

ఆమె ఎలా ఉన్నారు

ఆరో రోజు డిశ్చార్జ్ చేశాం. హైడ్రోకార్టిసోన్ మాత్రలు చిన్న ఊళ్లలో దొరకడం కష్టం కాబట్టి ప్రెడ్నిసొలోన్ 5 మి.గ్రా. పొద్దున్నే ఒకసారి. జ్వరం వస్తే రెట్టింపు వేసుకోవాలని, వాంతులైతే ఇంజక్షన్ కోసం ఆసుపత్రికి రావాలని తెలుగులో రాసిన కార్డు ఇచ్చాం. దాని ఫొటో కొడుకు ఫోన్‌లో కూడా ఉంది.

నిజమైన కష్టం ఆ తర్వాత మొదలైంది. నొప్పులు తిరగబెట్టాయి. "ఆ పొడే నయం సారూ, కనీసం నడిచేదాన్ని" అని ఏడ్చారు. రెండో నెలలో మళ్లీ ఎక్కడో తెప్పించుకునే ప్రయత్నం కూడా చేశారు. పొడి ఆపమన్నప్పుడు నొప్పికి ఇంకో దారి చూపించడం మన బాధ్యత. తొడ కండరాల వ్యాయామాలు, పూతగా వాడే జెల్, పారాసెటమాల్, కింద కూర్చోకుండా కమోడ్ కుర్చీ. ఫిజియోథెరపిస్ట్ ఫోన్‌లో వారానికోసారి పలకరించడం అన్నిటికంటే పనిచేసింది.

ఎముకల పరీక్షలో వెన్నెముక టి-స్కోరు మైనస్ 3.1 వచ్చింది, అంటే ఎముకలు గుల్లబారాయి, నడుము మొదటి వెన్నుపూస నొక్కుకుపోయి ఉంది. విటమిన్ డి సరిచేసి, ఎముకల బలానికి జోలెడ్రోనిక్ యాసిడ్ ఇచ్చాం. రెండు కళ్లలో స్టెరాయిడ్ వల్ల వచ్చే రకం శుక్లాలు మొదలయ్యాయి. షుగర్ మాత్రం మెరుగుపడింది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ చేరినప్పుడు 8.9, ఆరు నెలలకు 6.2, ఒక్క మెట్‌ఫార్మిన్‌తోనే. బీపీ మాత్ర ఆపేశాం.

ముందురోజు మాత్ర వేసుకోకుండా పొద్దున్నే తీసిన కార్టిసాల్ మూడో నెలలో 3.8, ఆరో నెలలో 7.1, పదకొండో నెలలో 11.6. యూరోపియన్, అమెరికన్ ఎండోక్రైన్ సొసైటీలు 2024లో కలిసి ఇచ్చిన సూచనల ప్రకారం 10 దాటితే గ్రంథులు కోలుకున్నట్టే. ప్రెడ్నిసొలోన్ ఆపాం. పెద్ద జబ్బు చేస్తే స్టెరాయిడ్ సంగతి డాక్టర్‌కు చెప్పాలన్న కార్డు మాత్రం దగ్గరే ఉంచుకోమన్నాం.

ఆమె ఆసుపత్రిలో ఉండగానే అదే కోత ముఠాలో ఇంకో ముగ్గురు ఆ పొడి తింటున్నారని తెలిసింది. ఈమెకు జరిగింది విని వాళ్లు డబ్బాలు కాలవలో పడేయబోయారు. ఫోన్ చేసి ఆపాం, పొడి కొనసాగించమని కాదు, ముందు మా దగ్గరికి రమ్మని. ముగ్గురికీ పొద్దున కార్టిసాల్ చేయించాం. ఇద్దరికి 3 లోపు ఉంది. వాళ్లకు ఆ రోజే పొడి ఆపించి, ప్రెడ్నిసొలోన్ మీదికి మార్చాం. మూడో ఆమె కొత్తగా మొదలుపెట్టారు, మూడు వారాలే అయింది. ఆమెకు ఏ మాత్రా ఇవ్వకుండా పొడి ఆపించి, వారం తర్వాత మళ్లీ చూశాం. ఇప్పుడు ముగ్గురూ కోతలకు వెళ్తున్నారు.